పెద్దవాగు ఒడ్డున ఐగుప్తు

తెగులు అనే మాట మా కాగజ్‌నగర్‌లో రెండు చోట్ల ఎక్కువగా వినిపిస్తుంది. ఒకటి పురుగుమందుల దుకాణంలో. రెండోది చర్చిలో.

దుకాణంలో అయితే పత్తి ఆకు చేతిలో పట్టుకుని వచ్చిన రైతు "ఇదేం తెగులే?" అని అడుగుతాడు. చర్చిలో అయితే మోషే, ఫరో, ఐగుప్తు, పది తెగుళ్లు. ఇంగ్లిష్‌లో 'ప్లేగ్స్' అంటారు చూడండి, అదే. తెలుగు బైబిల్ రాసినవాళ్లు దానికి మహమ్మారి అనో, ఉపద్రవం అనో పెద్ద మాట పెట్టొచ్చు. పెట్టలేదు. పొలంలో ఉన్న మాటే తీసుకున్నారు. అందుకేనేమో, ఎక్కడో నైలు నది ఒడ్డున జరిగిందని చెప్పే కథ మా దగ్గర వింటే పక్క మండలంలో నిన్నగాక మొన్న జరిగినట్టే ఉంటుంది.

ఈ మే నెలలో ఆ పది తెగుళ్లకి బొమ్మలు వేసే పని మా ఇంటి వాకిట్లో నడిచింది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరికొచ్చాను. పగలు స్టాండప్ కాల్స్, సాయంత్రం కప్పలు, మిడతలు, వడగండ్లు. ఆ రెండు వారాల్లో ప్రపంచంలో ఈ తెగుళ్లని ఎవరెవరు ఎలా గీశారో ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నాను. ఒక చిన్న ఊళ్లో ఒక బోర్డు పెయింటర్ ఎలా గీశాడో కళ్లారా చూశాను. ఈ రెండూ కలిపి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఊరు

సికింద్రాబాద్‌లో రైలెక్కితే కాజీపేట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ రోడ్ దాటాక మా స్టేషన్. దాదాపు 300 కిలోమీటర్లు. బోర్డు మీద 'సిర్పూర్ కాగజ్‌నగర్' అని ఉంటుంది. ముందుకెళ్తే 'సిర్పూర్ టౌన్' అని ఇంకో స్టేషన్ వస్తుంది, అది వేరు. కొత్తగా వచ్చేవాళ్లు ఈ రెండింటి మధ్య బాగా తికమకపడతారు. ఇంకాస్త పైకి పోతే మహారాష్ట్ర.

ఒకప్పుడు ఈ ఊరి పేరు కొత్తపేట. నిజాం కాలంలో, 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు వచ్చాక కాగితం పేరే ఊరికి పేరైంది. కాగజ్ అంటే ఉర్దూలో కాగితం. చుట్టూ అడవి, అడవిలో వెదురు, పక్కన పెద్దవాగు, రైలు పట్టాలు. మిల్లుకి కావాల్సినవన్నీ ఉన్నాయి. పనికోసం ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. మా గల్లీలో తెలుగు, హిందీ, ఉర్దూ, మరాఠీ నాలుగూ వినిపిస్తాయి. ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ వైపు పోతే బెంగాలీ కూడా. 2014లో మిల్లు ఆగిపోయింది. 2018లో జేకే పేపర్ తీసుకున్నాక మళ్లీ నడిచింది. మధ్యలో ఆ నాలుగేళ్ల గురించి తర్వాత చెప్తాను.

మేలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం కుక్క కూడా రోడ్డు మీద కనిపించదు. అందుకే బొమ్మల పనంతా సాయంత్రం ఐదు తర్వాతే.

ఫ్లెక్సీ వద్దు

మా మేనత్త చర్చిలో సండే స్కూల్ టీచర్. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి పది రోజులు వీబీఎస్ పెడతారు. పాటలు, కథలు, ఆటలు, చివర్లో బిస్కెట్ ప్యాకెట్. ఈసారి పది రోజులకి పది తెగుళ్లు అనుకుంది అత్త. రోజుకో చార్టు.

"కంప్యూటర్ల చేసియ్యిరా, ఫ్లెక్సీ కొట్టిద్దాం" అంది. ఏఐ టూల్‌లో పది బొమ్మలు తీశాను. పది నిమిషాల పని. వెనక పిరమిడ్లు, పైన నల్లమబ్బు, మధ్యలో గడ్డం తాత చెయ్యెత్తి నిలబడ్డం. నీళ్లు రక్తమైనా అదే, ఈగలొచ్చినా అదే, మిడతలొచ్చినా అదే. ఒక కప్పకి ఐదు కాళ్లు కూడా వచ్చాయి. అత్త ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "అన్ని ఒక్క సినిమా పోస్టర్ లెక్కనే ఉన్నయ్. పిల్లలకు ఏ రోజు ఏందో ఎట్ల తెలుస్తది?" అంది.

పాయింటే. అప్పుడు పిలిచింది మా గల్లీ చివర ఉండే పెయింటర్ అన్నని. ఒకప్పుడు ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఆయన చేతివే. ఎరువుల ప్రకటనలు, లారీల వెనక రాతలు, ఎలక్షన్ గోడలు. ఫ్లెక్సీ మిషన్ వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు ఇళ్లకి సున్నాలు, రంగులు వేస్తున్నాడు. ఆయన బైబిల్ చదివినవాడు కాదు. అత్త కథ చెప్తుంటే బీడీ ఆర్పేసి విన్నాడు. మొత్తం విని ఒక్కటే అడిగాడు: "ఐగుప్తుల ఎడ్లు ఎట్లుంటయి? మన ఎడ్ల లెక్కనేనా?"

ఈ ప్రశ్న చిన్నదనుకోవద్దు. ఏడొందల ఏళ్లుగా ఈ కథని గీసిన ప్రతివాడికీ ఎదురైన ప్రశ్నే ఇది. చూడని దేశాన్ని ఎలా గీయాలి?

టర్నర్ బొమ్మకి తప్పు పేరు

నేను వెతికిన వాటిలో మొదట దొరికింది ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ వేసిన బొమ్మ. 1800లో ప్రదర్శించాడు. పేరు 'ఐగుప్తు ఐదో తెగులు'. ఇప్పుడది అమెరికాలో ఇండియానాపోలిస్ మ్యూజియంలో ఉంది. తమాషా ఏంటంటే, ఐదో తెగులు పశువుల రోగం. బొమ్మలో ఉన్నది మాత్రం ఉరుములు, మెరుపులు, నేలమీద పడుతున్న నిప్పు. అంటే ఏడోది, వడగండ్ల తెగులు. ఆ తప్పు పేరుతోనే రెండొందల ఏళ్లకి పైగా నడుస్తోంది.

1823లో జాన్ మార్టిన్ అనే ఇంకో ఇంగ్లిష్ ఆయన ఏడో తెగులునే గీశాడు. అది బోస్టన్ మ్యూజియంలో ఉంది. మహా నగరం, ఆకాశమంత గోడలు, మీద సుడులు తిరిగే మబ్బు, ఓ పక్కన చేతులెత్తిన మోషే. 1956లో వచ్చిన 'టెన్ కమాండ్‌మెంట్స్' సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. అందులోనూ నీళ్లు రక్తం కావడం, నిప్పుల వడగండ్లు, చీకటి, చివరికి ఆకాశం నుంచి దిగే ఆకుపచ్చ పొగ. ఇంతే. పేలు లేవు, ఈగలు లేవు.

నాకు అర్థమైంది ఏంటంటే, పెద్ద కాన్వాస్ వాళ్లందరికీ ఆకాశం నుంచి పడేవే ఇష్టం. తుఫాను గీస్తే చూసేవాడు నోరు తెరుస్తాడు. పేను గీస్తే ఎవడు చూస్తాడు? మా ఏఐ టూల్‌కి కూడా ఈ బొమ్మలే మేత అయి ఉంటాయి. అందుకే అన్నింటికీ ఒకటే నల్లమబ్బు.

కానీ పిల్లలకి చెప్పేటప్పుడు ఆకాశం ఒక్కటే చాలదు. పదికి పది కావాలి.

కప్ప ఒక్కటా, వందలా?

పదికి పదీ ఓపిగ్గా గీసినవాళ్లు ఎక్కువగా యూదులే. పస్కా పండుగ రాత్రి ఇంట్లో చదువుకునే హగ్గదా అనే పుస్తకంలో ఈ కథంతా ఉంటుంది. 1320 ప్రాంతంలో స్పెయిన్‌లోని కతలూన్యాలో తయారైన 'గోల్డెన్ హగ్గదా' ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. బంగారు రేకు పరిచిన గళ్లలో చిన్న చిన్న బొమ్మలు. అందులో ఫరో ఈజిప్టు రాజులా ఉండడు, అప్పటి స్పెయిన్ రాజులా ఉంటాడు. వాళ్లకీ ఐగుప్తు తెలీదు మరి. తెలిసిన రాజునే గీశారు.

నాకు బాగా నచ్చింది కప్పల బొమ్మ. హీబ్రూ మూలంలో ఒకచోట కప్ప అనే మాట ఏకవచనంలో ఉందట. దాన్ని పట్టుకుని పాత యూదు పండితులు ఓ కథ చెప్పారు. నదిలోంచి వచ్చింది ఒకే ఒక్క పెద్ద కప్ప. జనం దాన్ని కొట్టారు. కొట్టిన ప్రతి దెబ్బకీ దాన్నుంచి కప్పల గుంపు దూకింది. కొట్టడం ఆపితే ఆగేది, కానీ కోపం ఆగలేదు. గోల్డెన్ హగ్గదాలో ఈ కథే కనిపిస్తుంది. పెద్ద కప్ప, దాన్నుంచి దూకే కప్పలు.

ఇది పెయింటర్ అన్నకి చూపిస్తే ఆయన అభ్యంతరం వేరే చోట వచ్చింది. "కప్ప తెగులేందన్నా? కప్పలు అరిస్తేనే గదా వాన" అన్నాడు. నిజమే. వానలు పడకపోతే మా దగ్గర పిల్లలు రోకలికి కప్పని కట్టి, వేపాకులు చుట్టి, ఇంటింటికీ తిప్పుతారు. ఆడవాళ్లు బిందెతో నీళ్లు పోస్తారు. కప్పతల్లి అంటారు. తల్లి అని పిలుచుకునే దాన్ని తెగులుగా గీయాలంటే ఆయన చెయ్యి సాగలేదు.

చివరికి ఎలా గీశాడంటే, కప్పలు మంచివే, చోటే తప్పు. పిండి పిసికే పళ్లెంలో ఒకటి. మంచం మీద ఒకటి. పొయ్యిలో రెండు. ఫరో కిరీటం మీద ఒకటి, నవ్వుతూ. తర్వాత బైబిల్ తీసి చూస్తే అందులోనూ ఉన్నవి పడకలు, పొయ్యిలు, పిండి పిసికే తొట్లే. పిల్లలు రెండో రోజు ఆ చార్టు ముందు నుంచి కదల్లేదు.

మొదటి రోజు చార్టు సంగతి చెప్పలేదు కదా. నీళ్లు రక్తం కావడం. దానికి ఎక్కువ ఆలోచించలేదు. జూలైలో పెద్దవాగుకి మొదటి వరద వచ్చినప్పుడు నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. ఆ రంగుకి కాస్త ఎరుపు కలిపాడు. ఒడ్డున బిందె పట్టుకుని, ముంచాలా వద్దా అని ఆగిపోయిన ఒక ఆడమనిషి. అంతే. నదిని చూసి కాదు, ఆమెని చూసి భయం వేస్తుంది.

పేలు, ఈగలు, ఒక పులి

మూడోది పేలు. హీబ్రూ మాటకి పేలా, దోమల్లాంటి పురుగులా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఇంగ్లిష్ బైబిళ్లలో కొన్నిట్లో ఒకటి, కొన్నిట్లో ఒకటి. తెలుగులో పేలే. కంటికి సరిగ్గా కనపడని దాన్ని చార్టు మీద ఎలా చూపిస్తారు? ఆయన పేను గీయనే లేదు. రాజభవనం మెట్ల మీద ఐదుగురిని ఒకరి వెనక ఒకరిని కూర్చోబెట్టాడు. ముందున్నవాళ్ల తలలో వెనకున్నవాళ్లు పేలు చూస్తున్నారు. అందరికంటే ముందు ఫరో. ఆయన తలలో రాణి. మా అత్త నవ్వి నవ్వి కూర్చుండిపోయింది.

నాలుగోది దగ్గర గొడవ వచ్చింది. ఇక్కడ హీబ్రూలో ఉన్న మాటకి యూదుల సంప్రదాయంలో అడవి జంతువుల మంద అని అర్థం చెప్తారు. వాళ్ల హగ్గదాల్లో సింహాలు, ఎలుగుబంట్లు మనుషుల మీద పడుతుంటాయి. పాత గ్రీకు అనువాదం ఈగలు అంది. తెలుగు బైబిల్ కూడా ఈగల గుంపులు అనే అంటుంది. నేను ఫోన్‌లో జంతువుల బొమ్మ చూపించగానే అక్కడ చేరిన పిల్లలు "పులిని గియ్యన్నా, పులిని!" అని ఎగిరారు.

అన్న బ్రష్ కింద పెట్టేశాడు. "పులి వద్దు" అన్నాడు.

బయటివాళ్లకి ఇది అర్థం కాకపోవచ్చు. మాది తాడోబా అడవుల నుంచి పులులు వచ్చిపోయే దారి. 2024 నవంబరులో మా మండలంలోనే చేనులో పత్తి ఏరడానికి పోయిన ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు కూలీలు చేలకి పోవాలంటే వణికారు. ఆ పిల్లల్లో చేలకి పోయే తల్లులున్నవాళ్లు ఉన్నారు. పులి మాకు కథల పుస్తకంలో జంతువు కాదు. "మన బైబిల్ల ఈగలే ఉన్నయి. ఈగలే గియ్యి" అని అత్త తీర్పు చెప్పేసింది. బెల్లం బుట్ట మీద నల్లగా ముసిరిన ఈగలు వచ్చాయి.

ఐదోది, పశువుల తెగులు. ఎద్దు పడుకున్నట్టుందా, చచ్చినట్టుందా అని తేడా తెలియాలి కదా. ఎద్దుని గీసి తుడిచేశాడు. ఖాళీ కాడి, పక్కన తెగిన పలుపు, తల పట్టుకుని కూర్చున్న రైతు. ఆరోది దద్దుర్లు, పొక్కులు. దానికి ఎవరికీ పెద్దగా మనసు రాలేదు. బైబిల్ ప్రకారం మోషే ఆవంలోంచి పిడికెడు బుగ్గి తీసి పైకి చల్లుతాడు. ఇటుక బట్టీ గీసి, బూడిద ఎగురుతున్నట్టు చూపించి వదిలేశాడు.

పసుపు పూల జనుము

వడగండ్లు అంటే ఆయనకి చెప్పక్కర్లేదు. మార్చి, ఏప్రిల్‌లో మామిడి పిందెలు రాలగొట్టే రాళ్లవాన మాకు మామూలే. ఇక్కడ బైబిల్ ఒక చిన్న వివరం ఇస్తుంది. ఆ వానకి ఏ పంటలు పోయాయో, ఏవి మిగిలాయో రాస్తుంది. యవలు వెన్ను వేశాయి, జనుప పూత మీద ఉంది, కాబట్టి ఆ రెండూ పోయాయి. గోధుమ ఇంకా ఎదగలేదు కాబట్టి మిగిలింది. ఎంతో నష్టపోయినవాడే ఇలా లెక్క రాయగలడు. పంట నష్టం రాసుకునే ఏఈఓ రిజిస్టర్ లాగే ఉంటుంది.

జనుప అనగానే అన్న కళ్లు మెరిశాయి. పచ్చిరొట్టకి వేసే జనుము ఆయనకి బాగా తెలుసు. చేనంతా పచ్చటి పసుపు పూలు వేసి, వాటి మీద తెల్లటి రాళ్లు కురిపించాడు. చార్టులన్నిటిలో అందమైనది అదే.

నేను ఫోన్‌లో చూశాను. ఈజిప్టులో అప్పుడు పండించింది మన జనుము కాదు, ఫ్లాక్స్. మన అవిసె గింజల మొక్క. నారబట్ట దాన్నుంచే వస్తుంది. దాని పూలు నీలం. మన దగ్గర నార ఇచ్చే మొక్క అంటే జనుము కాబట్టి అనువాదంలో ఆ మాట వచ్చి ఉంటుంది. ఆయనకి ఆ నీలం పూల ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు. "మంచిగున్నయి. కానీ గిదెవలకు తెలుసు ఈడ? జనుమైతే రాలితే బాధైతది" అన్నాడు. పసుపు పూలే ఉన్నాయి.

ఆ నారబట్టల చింకిపాతల నుంచే ఒకప్పుడు యూరప్‌లో కాగితం చేసేవాళ్లు. బట్ట చిరిగి కాగితమైతే దాని మీదే బైబిళ్లు అచ్చయ్యాయి. వడగండ్లకి పోయిన ఆ పంటే, ఆ కథని మోసిన కాగితం కూడా అయిందన్నమాట. కాగితం పేరున్న ఊళ్లో పుట్టినవాణ్ణి, నాకిది చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

రాని మిడతలు

ఎనిమిదో తెగులు మిడతలు. దీనికి మాత్రం మా అందరికీ ఒక జ్ఞాపకం ఉంది.

2020 మే. లాక్‌డౌన్. రాజస్థాన్, మధ్యప్రదేశ్ మీదుగా ఎడారి మిడతల దండు మహారాష్ట్రలో విదర్భ దాకా వచ్చింది. అంటే మా పక్కిల్లే. మన ప్రభుత్వం సరిహద్దు జిల్లాలన్నిటినీ అప్రమత్తం చేసింది. పరిస్థితి కనిపెట్టడానికి ఐదుగురితో ఒక కమిటీని రామగుండంలో పెట్టింది. ఫైరింజన్లు, మందులు సిద్ధం చేశారు. డప్పులు, పళ్లేలు కొట్టి చప్పుడు చేస్తే మిడతలు వాలవని చెప్పారు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క ప్రకారం ఒక చదరపు కిలోమీటరు దండులో 4 నుంచి 8 కోట్ల మిడతలు ఉండొచ్చు. చిన్న దండైనా ఒక్క రోజులో 35 వేల మంది తినేంత తిండి తినేస్తుంది.

మా నాన్న రోజూ సాయంత్రం మిద్దె మీదికెక్కి ఉత్తరం వైపు చూసేవాడు. గల్లీలో చాలామంది అదే పని. అవి రాలేదు. గాలి మారి దండు అటే తిరిగిపోయింది.

అందుకే ఆ చార్టులో మిడతలు లేవంటే నమ్ముతారా? ఆకాశంలో ఓ మూల చిన్న గోధుమరంగు మబ్బు. కింద మిద్దెల మీద మనుషులు, చేతుల్లో పళ్లేలు, అందరి మెడలూ ఒకే వైపు. ఐగుప్తు బట్టలేసుకున్న మా గల్లీ.

నల్ల చార్టు

చార్టులు, రంగులు కొన్నది బస్తీలో ఓ చాచా స్టేషనరీ దుకాణంలో. దేనికి ఇన్ని అని అడిగితే చెప్పాను. "అరే, మూసా అలైహిస్సలాం కహానీ. మాకూ ఉంది కదా" అన్నాడు. తూఫాన్, టిడ్డీ, జూ, మేండక్, ఖూన్ అని వేళ్ల మీద లెక్కపెట్టాడు. వరద, మిడతలు, పేలు, కప్పలు, రక్తం. ఖురాన్‌లో ఒకచోట ఈ ఐదూ వరసగా ఉన్నాయి.

ముస్లిం సంప్రదాయంలో ప్రవక్తల బొమ్మలు సాధారణంగా వేయరు. అయితే కొన్ని రాజుల కొలువుల్లో వేశారు. జోస్యం చూసుకునే ఫాల్‌నామా అనే పుస్తకాల్లో ప్రవక్తల కథలకి పేజీ నిండా బొమ్మలుంటాయి. మూసా చేతికర్ర మహాసర్పంగా మారిన దృశ్యం వాటిలో పేరున్నది. అలాంటి ఫాల్‌నామా ఒకటి 17వ శతాబ్దం మొదట్లో మన గోల్కొండలోనే తయారైంది. ఇప్పుడది లండన్ ఖలీలీ సేకరణలో ఉంది.

తొమ్మిదోది చీకటి. దాన్నెలా గీయాలో తెలియక అన్న రెండు రోజుల నుంచి వాయిదా వేస్తున్నాడు. చాచాకి చెప్తే ఆయన లోపలికెళ్లి నల్ల చార్టు తెచ్చి కౌంటర్ మీద పడేశాడు. "గీసుడెందుకు? ఇదే చీకటి."

ఆ నల్ల కాగితం మీద అన్న ఏమీ వేయలేదు. ఒక మూలన మాత్రం పసుపు సుద్దతో ఐదారు చిన్న కిటికీలు. ఇశ్రాయేలీయుల ఇళ్లలో వెలుగుందని కథ. అంతే.

అది చూసి మా నాన్న ఓ మాటన్నాడు. మిల్లు బందైన నాలుగేళ్లు రాత్రిళ్లు ఊరు ఇట్లాగే ఉండేదట. కరెంటు ఉంది, లైట్లున్నాయి. కానీ షిఫ్టు దిగి వచ్చే సైకిళ్లు లేవు, చాయ్ హోటళ్ల ముందు గుంపులు లేవు. పొద్దుగూకితే ఎవరింట్లో వాళ్లే. బైబిల్లో ఆ చీకట్లో మూడు రోజులు ఒకరినొకరు చూసుకోలేదని ఉంటుంది. నాన్న బైబిల్ గుర్తుచేసుకుని అనలేదు. ఆయన మామూలుగానే అన్నాడు.

పదో రోజు

పదోది ఉండాలా వద్దా అనే అసలు చర్చ అప్పుడు మొదలైంది. తొలిచూలు పిల్లల మరణం. ఫరో కొడుకు నుంచి తిరగలి విసిరే దాసి కొడుకు దాకా, ప్రతి ఇంట్లో పెద్ద పిల్లాడు. వినేది ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలు. సగం మంది వాళ్ల ఇళ్లలో పెద్ద పిల్లలే.

సాటి టీచర్ ఒకామె తొమ్మిదితో ఆపి, పదో రోజు నేరుగా ఎర్ర సముద్రానికి పోదామంది. అత్తకి అది నచ్చలేదు. "కథల ఇష్టమైనవి ఉంచుకుని కష్టమైనవి తీసేస్తే అది కథెట్లైతది?" అంది. అలాగని చచ్చిన పిల్లల్ని గీసి గోడకి పెట్టడానికి ఆమెకీ మనసొప్పలేదు.

నేను అన్నకి చివరగా ఒక బొమ్మ చూపించాను. లారెన్స్ అల్మా-టడెమా 1872లో వేసింది. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉంది. తుఫాను లేదు, మబ్బు లేదు. చీకటి గది, కొన్ని దీపాలు. ఫరో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కొడుకు. తల్లి ఆ పిల్లాడి మీదికి వాలిపోయింది. మోషే ఎక్కడో వెనక, చిన్నగా. ఫరో ఏడవడం లేదు. ఎదురుగా చూస్తున్నాడు, అంతే. ఈ బొమ్మకి ముందే అల్మా-టడెమా మొదటి భార్యని మశూచి తీసుకుపోయింది. అంతకుముందు వాళ్లకి పుట్టిన ఒక్కగానొక్క కొడుకు కూడా కొద్ది నెలలకే అదే మశూచితో పోయాడు.

మంచంలో కూర్చున్న మా నాయనమ్మ ఫోన్ ఇటు తెమ్మంది. దగ్గర పెట్టుకుని చూసింది. మా నాన్న కంటే ముందు ఆమెకి ఒక కొడుకు. పురిటిలోనే పోయాడు. పేరు కూడా పెట్టలేదు. ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఆమె కూడా. ఫోన్ తిరిగిచ్చేసి అన్నతో అంది, "పిల్లగాణ్ణి గియ్యకు బిడ్డా. తల్లిని గియ్యి. పిల్లలకు ఎరుకైతది."

అలాగే గీశాడు. చార్టు మీద రెండు ఇళ్లు, పక్కపక్కనే. ఒకటి ఇశ్రాయేలీయులది. పసుపు రాసిన గడప, ద్వారబంధానికి రెండు వైపులా గొర్రెపిల్ల రక్తపు గుర్తులు, లోపల దీపం, చుట్టూ కూర్చుని తింటున్న మనుషులు. రెండోది ఐగుప్తు వాళ్లది. ఆ గడపకీ పసుపే. దాని మీద వెనక్కి తిరిగి కూర్చున్న ఒక తల్లి. ముఖం కనపడదు. వీపు మాత్రమే.

యూదులు పస్కా రాత్రి ఈ పది తెగుళ్ల పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకీ గ్లాసులోంచి ఒక్కో చుక్క ద్రాక్షారసం తీసి పక్కన పెడతారు. మనకి విడుదల దొరికినా అవతల ఎవరో ఏడ్చారు, కాబట్టి మన గ్లాసు నిండుగా ఉండకూడదు అని చెప్తారు. ఈ సంగతి అత్తకి చెప్పాను. పదో రోజు పాఠం చివర్లో ఆమె దాన్ని చెప్పింది. ద్రాక్షారసం బదులు రస్నా.

పిల్లలు గోల చేయలేదు. ఒక్కొక్కరూ పది చుక్కలు తీసి స్టీలు పళ్లెంలో వేశారు. వెనక వరసలో ఏడేళ్ల పాప చార్టు వైపు వేలు చూపించి అడిగింది: "టీచర్, గా పక్కింటి అమ్మ దగ్గరికి వీళ్లెవలన్న పోయిన్రా?"

బైబిల్లో దానికి జవాబు లేదు. అత్త కూడా కల్పించి చెప్పలేదు. "నువ్వైతే పోతవా?" అని అడిగింది.

"పోత" అంది ఆ పాప. తర్వాత బిస్కెట్ ప్యాకెట్లు పంచారు.